మేనరికం మీద నమ్మదగిన కాగితం

నిజామాబాద్‌లో బస్టాండుకు దగ్గరలో నాకో జిరాక్స్ దుకాణం ఉంది. ఇరవై ఏళ్లుగా జనం కాగితాలకు నకళ్లు తీస్తున్నాను. ఏది అసలు కాగితమో, ఏది అసలులా కనిపించే కాగితమో ఒక్క చూపులో చెప్పగలనని నాకు గర్వం. కరెంటు బిల్లు మీద, మురికి కాలువ మీద, కొలత తక్కువగా ఇచ్చిన రేషన్ మీద నేను పెట్టిన ప్రతి అర్జీకి అందినట్టు సంతకం తీసుకుని ఒక కాపీ బీరువాలో దాచుకుంటాను. జవాబిచ్చినవాళ్లవి ఒక కట్ట. ఇవ్వనివాళ్లవి మూడు కట్టలు.

పోయిన వానాకాలం మా చెల్లె బోధన్ నుంచి వచ్చి నా కూతురిని కోడలిగా అడిగింది. ఆమె కొడుకు అక్కడే ట్రాక్టర్ల షోరూములో పనిచేస్తాడు. మేనరికం మా ఇళ్లలో కొత్త కాదు. పిల్లలిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని మాకు తెలుసు. ఇక ముహూర్తమే అనుకుంటుండగా నా కూతురు వచ్చి గడపలో నిలబడింది. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు.

"బావంటే నాకిష్టమే అత్తా. కని ఒక్కటి తెల్వాలె. బోధన్ల వెల్డింగ్ మామ, గాయన చెల్లె, ఇద్దరికిద్దరు చెవులు వినపడకుంట ఎందుకు పుట్టిండ్రు? గది రేపు మా పిల్లలకు వస్తదా, రాదా? గది తెల్సినంకనే లగ్గం."

వెల్డింగ్ మామ అంటే నాకు బావ, మా మేనత్త కొడుకు. మేనత్తను ఆమె సొంత మేనమామకే, అంటే మా నాయనమ్మ తమ్ముడికే ఇచ్చి చేశారు. వాళ్లకు ఇద్దరే పిల్లలు. ఇద్దరూ పుట్టుకతోనే వినలేరు.

చెల్లె ముఖం మాడ్చుకుంది. "గ్రహణం పూట అత్త కత్తిపీట ముట్టిందట. గందుకే గట్లయింది. ఇందుల తెల్సుకునేదేమున్నది?"

"ఇద్దరు కడుపుల ఉన్నప్పుడు గూడ గ్రహణమే పట్టిందా అత్తా?"

"సూడు అన్నా, నీ బిడ్డ నోరు!" అంది చెల్లె నావైపు తిరిగి.

నేను పెద్దమనిషి తరహాలో తీర్పు చెప్పాను. మన ఇంటిపేరోళ్లలో వినపడనివాళ్లు ఒక్కరూ లేరు. మేనల్లుడిది వేరే ఇంటిపేరు, కాబట్టి వేరే రక్తం. భయం లేదు.

"బాపు, గీ ముచ్చట ఏ పుస్తకంల ఉన్నది? చూపెట్టు," అంది నా కూతురు.

ఏ ఆఫీసుకు వెళ్లినా "ఏ జీవోలో ఉంది, చూపించండి" అని అడిగేవాడిని నేను. నా ప్రశ్న నాకే వచ్చి తగిలింది. సరే చూపిస్తానన్నాను. చెల్లె టీ తాగకుండానే బస్సెక్కింది.

మొదట తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన సగం వినకుండానే, "యూట్యూబ్ చూసి వచ్చినవా? మీవోళ్లకు గిదొక రోగమైంది," అని నవ్వి, బయట కూర్చున్న మరో రోగిని పిలిచాడు. నేను అప్పటికి యూట్యూబ్ చూడలేదు. ఆ మాట పడ్డాక ఆ రోజే మొదలుపెట్టాను.

చూసినకొద్దీ కోపం పోయి ఆసక్తి పెరిగింది. డిగ్రీలో బఠాణీ మొక్కల పాఠం చదివి పరీక్ష రాసి మరచిపోయాను. ఇప్పుడు అదే లెక్క మా ఇంట్లో మనుషుల మీద నడుస్తోందంటే నిద్ర పట్టలేదు. కానీ ఎవరిని నమ్మాలి? ఒక వీడియోలో తెల్లకోటు వేసుకున్నాయన మేనరికం చేస్తే పిల్లలందరూ లోపంతోనే పుడతారన్నాడు. మరి నాకు తెలిసిన మేనరికపు పిల్లలలో ఎందరో గట్టిగా ఉన్నారు. ఇంకో తెలుగు వెబ్‌సైటు మొగుడూ పెళ్లాల బ్లడ్ గ్రూపులు వేరైతే చాలు, ఏ భయమూ లేదని రాసింది. నాకు అనుకూలమైన మాటే. అయినా అలవాటు ఊరుకోదు కదా. ఈ సంగతి ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పండని ఆ వెబ్‌సైటుకు మెయిలు పెట్టాను. జవాబు లేదు. మళ్లీ పెట్టాను. లేదు. మూడోసారి రాశాక నా మెయిలే తిరిగి వచ్చింది, ఆ చిరునామాయే లేదట. ప్రింటు తీసి మూడు కట్టల వైపు చేర్చాను.

తర్వాత ఇంగ్లీషులో ఒక పత్రిక దొరికింది. పైన భూగోళం బొమ్మ, కింద దేశదేశాల జెండాలు. పేరులో ప్రపంచమూ, జన్యుశాస్త్రమూ రెండూ ఉన్నాయి. వాళ్లకూ ఒక సందేహం రాసి పంపాను. గంటలో జవాబు వచ్చింది. నన్ను గౌరవనీయులైన ప్రొఫెసర్ గారూ అని పిలిచి, నా అమూల్య పరిశోధనను తమ వచ్చే సంచికకు పంపమనీ, రుసుము కడితే వారంలో అచ్చు వేస్తామనీ రాశారు. నా జన్మలో ఎవరూ నాకు అంత మర్యాద ఇవ్వలేదు. అందుకే అనుమానం వచ్చింది. అడిగినదానికి మాత్రం ఒక్క ముక్క జవాబు లేదు.

చివరికి డిచ్‌పల్లి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాను. గేటు దగ్గర ఎవరైనా ఆపితే అర్జీ రాద్దామని జేబులో తెల్లకాగితం కూడా పెట్టుకున్నాను. ఎవరూ ఆపలేదు. లోపల ఒక మేడం నా చేతిలోని ప్రింట్లన్నీ ఓపికగా తిరగేసింది.

"సార్, ఇవి ఎవరు రాసిండ్రో పేర్లు లేవు. పేరున్న చోట పనిచేసే స్థలం లేదు. స్థలం ఉన్న చోట వాళ్లు ఎవరిని చూసి రాసిండ్రో లేదు. ఇంక దేన్ని నమ్ముతరు?"

"మరి నమ్మేది ఎట్ల ఉంటది మేడం?"

ఆమె కంప్యూటరు ముందు కుర్చీ వేసింది. వైద్య పత్రికల వ్యాసాలను ఒకచోట వెతుక్కునే ప్రభుత్వ సూచికలు ఉంటాయని, వాటిలో కొన్ని వ్యాసాలు పూర్తిగా ఉచితమని చూపించింది. డబ్బు కడితేనే తెరుచుకునేలా తాళం వేసి ఉన్న వ్యాసమైతే రాసినవాళ్లకే మెయిలు పెట్టి అడగవచ్చట, చాలామంది సంతోషంగా పంపుతారట. అల్మారాలో రెండు జన్యుశాస్త్రం పుస్తకాలుంటే పాతదాన్ని లోపలికి నెట్టి కొత్త ముద్రణ నా చేతికిచ్చింది. ఈ చదువులో పదేళ్లలో చాలా మారిపోతుందంది. తర్వాత ఒక పత్రికలో ఒక పేజీ తెరిచింది. ఫలానా సంచికలో, ఫలానా వ్యాసంలో, ఫలానా పట్టికలో తప్పు పడింది, సరైనది ఇది అని వాళ్లే అచ్చు వేసుకున్నారు.

నేను ఆ పేజీని చాలాసేపు చూశాను. ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను, తప్పు మాదేనని ఒక్క ఆఫీసూ కాగితం మీద పెట్టి ఇవ్వలేదు. తప్పును దాచేవాడి దగ్గర ఒప్పు కూడా నమ్మలేం. ఆ రోజు నుంచి నాకదే కొలత. ఏ పత్రిక దొరికినా మొదట సవరణల పేజీ ఉందా అని వెతికేవాడిని.

కొత్త పుస్తకంలో వంశవృక్షం గీసే పద్ధతి ఉంది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, లోపమున్నవాళ్లకు నల్లగా నింపాలి. దుకాణంలో పెద్ద కాగితం పరచి మా ఇంటిపేరువాళ్లను నాలుగు తరాల దాకా గీశాను. ఒక్క నల్లమచ్చ లేదు. చాలా అందంగా వచ్చింది. మేనరికం మీద ఒక మంచి వ్యాసం రాసిన శాస్త్రవేత్తకు దాన్ని స్కాను చేసి పంపాను. మేనత్తను మేనమామకిచ్చిన సంగతీ, వాళ్ల పిల్లలిద్దరికీ వినపడని సంగతీ చెప్పి, మా ఇంటిపేరులో దోషం లేదు, మేనల్లుడి ఇంటిపేరు వేరు, కాబట్టి భయం లేదని ధ్రువీకరించగలరు అని రాశాను.

పద్దెనిమిది రోజులకు జవాబు వచ్చింది. తేదీలు నేను మరచిపోను. ఆమె తన వ్యాసం పూర్తి కాపీ జత చేసింది. కింద రెండే ప్రశ్నలు. వినలేని ఆ ఇద్దరూ ఈ పటంలో ఎక్కడ? మీ నాయనమ్మ పుట్టింటివాళ్లు ఎక్కడ? ఆపైన ఒక మాట కూడా రాసింది. మీ ఇంటి ప్రశ్నకు ఏ పత్రికలోనూ జవాబు దొరకదు, జన్యు సలహా ఇచ్చే డాక్టరును కలవండి, ముందుగా వినలేని మనిషి రక్తం పరీక్షిస్తేనే మిగతావాళ్లలో ఏం వెతకాలో తెలుస్తుంది.

ఇక వెల్డింగ్ బావ దగ్గరికి వెళ్లక తప్పదు. ఆరేళ్లుగా ఆ గడప తొక్కలేదు. బావ తన కూతురి పెళ్లికి నన్ను పిలవలేదు. పిలవకపోగా, ఆ శుభలేఖను జిరాక్స్ తీయించుకోవడానికి మాత్రం నా దుకాణానికే వచ్చాడు. ఆ పూట నేను మర్యాదగా ఒక కాపీ తీసిచ్చి, పైసలు వద్దని చెయ్యి ఊపాను. అంతకంటే ఏం చేస్తాను?

బోధన్‌లో బావ షెడ్డు ముందు చెరుకు ట్రాలీ ఒకటి సగం వెల్డింగ్ అయి ఉంది. బావ నన్ను చూసి కళ్లజోడు పైకి తోశాడు. అతని భార్యకు చెవులు వినిపిస్తాయి. ఆమె మా వైపు చుట్టమేమీ కాదు, బయటి సంబంధం. ఇంట్లోంచి వస్తూనే అందుకుంది.

"ఏం తమ్మీ, తొవ్వ తప్పినవా?"

"పెండ్లికే పిలువని ఇంటికి ఎట్ల అస్త అక్కా?"

"పిలువలేదా! పత్రిక పట్టుకొని నీ దుకాణం దాక అచ్చిండు గదా మీ బావ! నువ్వేం జేసినవ్? దాన్ని మిషన్ల పెట్టి, ఇంకోటి తీసి, రెండూ ఈయన చేతులనే పెట్టి పొమ్మన్నవ్! ఊరంత నవ్విండ్రు."

బావ ఆమె పెదవులు చూస్తూ, రెండు కాగితాలు పట్టుకుని బిక్కముఖం వేసినట్టు నటించి చూపించాడు. పక్క షెడ్డువాడు పగలబడి నవ్వాడు. ఆరేళ్ల కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. పటం తీసి పరిచాను.

బావ దాన్ని పైనుంచి కిందికి చూశాడు. వేలు తన గుండె మీద పెట్టుకుని, నేనెక్కడ అన్నట్టు చెయ్యి తిప్పాడు. అతను ఇనుపరేకు మీద గుర్తులు పెట్టే సుద్దముక్క తీసుకుని, ట్రాలీ పక్కరేకు మీద ఒక చతురస్రం గీసి నిండా నింపాడు. పక్కన ఒక వృత్తం, అదీ నింపాడు. పైన తల్లీ తండ్రీ. తల్లి మీద మా నాయనమ్మ. నాయనమ్మ పక్కనే ఆమె తమ్ముడు, అంటే తన తండ్రి. తర్వాత నాయనమ్మ నుంచి గీత దించి మా నాన్నను, నాన్న కింద నన్నూ మా చెల్లెనూ, మా కింద మా పిల్లలనూ గీశాడు. నేను మూడు నెలల్లో గీయలేనిది నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆడపిల్లలు వచ్చిన ఇల్లూ, వెళ్లిన ఇల్లూ రెండూ అందులో ఉన్నాయి. నేను ఇంటిపేర్లు గీశాను. అతను మనుషులను గీశాడు.

సంగతంతా రాసి చూపించి రక్తం అడిగాను. బావ తన భార్యకు చేతులతో చాలాసేపు చెప్పాడు.

"ఇస్తడట," అంది ఆమె. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "కని రిపోర్టు మొదలు ఈయనకు సూపెట్టాలెనట. మా అత్త సచ్చిపోయేదాక గా కత్తిపీట ముచ్చటనే తల్సుకొని ఏడ్చింది తమ్మీ. గది నిజమా కాదా, ఈయనకు తెల్వాలెనట."

హైదరాబాదులో జన్యు సలహా ఇచ్చే ఒక డాక్టరమ్మ మొదట బావ రక్తమే పరీక్షించింది. కారణం దొరికాక, దాన్నే నా కూతురిలోనూ మేనల్లుడిలోనూ వెతకాలంది. చెల్లె మొదట ససేమిరా అంది, మా రక్తాన్ని అనుమానిస్తావా అని. మేనల్లుడు తల్లికి చెప్పకుండా బస్సెక్కి వచ్చి ఇచ్చాడు.

రిపోర్టులు వచ్చిన రోజు అందరం వెళ్లాం. డాక్టరమ్మ కంప్యూటరులో పెద్ద తెలుగు అక్షరాలతో బావకు వివరించింది. ఒక జన్యువులోని మార్పు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి కలిస్తే ఇలా జరుగుతుంది. ఒక్కటే ఉన్నవాళ్లకు వినికిడి బాగానే ఉంటుంది, తమలో ఉందని కూడా తెలియదు. బావ కీబోర్డు తనవైపు లాక్కుని ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. గ్రహణం? ఆమె పక్కన కొట్టింది. కాదు. కత్తిపీట? కాదు. బావ తన భార్య భుజం తట్టి ఆ తెరను చదవమన్నాడు. ఆమె చదివాక, మళ్లీ చదవమన్నాడు.

తర్వాత మా వంతు. ఆ మార్పు మేనల్లుడిలో కనబడలేదు. నా కూతురిలో ఒకటి ఉంది. మచ్చలేని నా పటంలోంచి, నా గుండానే వచ్చింది. ఒక్కరిలోనే ఉంది కాబట్టి ఈ కారణంతో వీళ్ల పిల్లలకు వినికిడి పోయే భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. దగ్గరి చుట్టరికంలో తాము వెతకని మార్పులు వేరేవి ఉండవచ్చనీ, వాటి మాట ఈ కాగితం చెప్పదనీ కూడా అంది. తెలియనిదాన్ని తెలియదన్నందుకు ఆమె మీద నాకు నమ్మకం కలిగింది. ఆ వాక్యం రిపోర్టులో కూడా రాయించుకున్నాను.

నా కూతురు రిపోర్టును రెండుసార్లు చదివి మేనల్లుడి వైపు చూసింది. "నాకు సాలు బాపు. అత్తకు ఫోన్ చెయ్యి."

చేశాను. చెల్లె మొత్తం విని అంది.

"అంటే మా పిలగానికి ఏం లేదు. ఉన్నది నీ బిడ్డకేనా?"

"ఔను."

"ఉన్నా సరే చేసుకుంటున్నం. మా మనసు పెద్దది అన్నా, యాది పెట్టుకో."

లగ్గం మాఘంలో. ఆ మాట తేదీతో సహా యాది పెట్టుకున్నాను.