కుప్పం దాకా దేశం

మా నాన్న దృష్టిలో దేశమంటే బంధువులున్న ఊళ్ళు. మదనపల్లెలో మేము, పుంగనూరులో చిన్నమ్మ, కుప్పంలో మేనమామ. ఆ అవతల ఏముందో ఆయనకు అక్కర్లేదు.

డెబ్భైలు ముగుస్తున్న రోజులు. నేను మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నాను. మన దేశంలో ఒక ఏడాది చదువుకుని పోదామని వచ్చిన విదేశీ ఎక్స్ఛేంజి విద్యార్థులు, వెళ్ళేముందు దేశమంతా చూడాలని ఒక బస్సు మాట్లాడుకుని బయలుదేరారట. కాశ్మీరు నుంచి తిరుగుతూ తిరుగుతూ వచ్చి మా కాలేజీలో దిగారు. ఇంకా కన్యాకుమారి దాకా పోవాలి. దారిలో వాళ్ళకు మన మాటలు ఇంగ్లీషులో చెప్పే అమ్మాయి జ్వరమొచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. బస్సులో ఒక సీటు ఖాళీ అయింది. మా ప్రిన్సిపాల్ నన్ను ముందుకు తోసి, "మా దేశం గురించి ఈ అమ్మాయి బ్రహ్మాండంగా చెబుతుంది" అన్నారు. అప్పటికి నేను చూసిన దేశం తిరుపతితో సరి.

వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన టీచరమ్మ నెరిసిన జుట్టు మనిషి. మా ఇంటికే వచ్చి నాన్నను అడిగింది. కన్యాకుమారి దాకా పంపండి, తిరుగు రైలు ఎక్కించే పూచీ నాది అంది. ఆ మాటలకు నా ఆశ కూడా కాస్త దట్టించి తెలుగులో చెప్పాను. నాన్న ఆవిడకు కుర్చీ వేయించాడు, కాఫీ ఇప్పించాడు, ఎంతో మర్యాదగా నవ్వాడు. ఆ నవ్వుతోనే నా వైపు తిరిగి అడిగాడు.

"కన్యాకుమారిలో మనోళ్ళు ఎవురుండారు?"

"సముద్రం ఉండాది నాయనా."

"కుప్పం దాకా పో. ఆడ మీ మామ ఉండాడు, దించుకుంటాడు."

బియ్యం మూట గురించి మాట్లాడినట్టే ఉంది. అయినా నాకు ఆశ చావలేదు. మామ మాటను నాన్న ఎన్నడూ కాదనడు. కుప్పంలో మామ చేత ఊ అనిపిస్తే చాలు, నేను సముద్రం చూస్తాను.

బస్సు కదలగానే ప్రిన్సిపాల్ పరువు కాపాడాలని తాజమహల్ గురించి మొదలుపెట్టాను. హైస్కూల్లో బట్టీపట్టిన పాఠం, ఒక్క ముక్క పొల్లుపోలేదు. అందరూ పాపం శ్రద్ధగా విన్నారు. చివర్లో ఒక అమ్మాయి అడిగింది, "ఎండలో ఆ రాళ్ళ మీద నడిస్తే నీ కాళ్ళు కూడా బొబ్బలెక్కాయా?" వాళ్ళు ఆగ్రా మీదుగానే వచ్చారు మరి. ఆ తర్వాత దేశం గురించి వాళ్ళు చెప్పారు, నేను విన్నాను.

పుంగనూరులో వాళ్ళకు సన్మానం. ఊరి పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకుని, ఈ దేశంలో స్త్రీని దేవతగా పూజిస్తామని గంటసేపు వాయించాడు. దాన్నంతా నేను ఇంగ్లీషులోకి దించాను. వేదిక మీద కుర్చీలన్నీ మగవాళ్ళవే. దేవతనైన నన్ను మాత్రం పక్కన నిలబెట్టారు. కిందికి దిగేసరికి చిన్నమ్మ టిఫిన్ క్యారియర్‌తో కాచుకుని ఉంది. నాన్న ముందే కబురు పంపినట్టున్నాడు. బస్సెక్కి వెనక సీటు దాకా చూసి వచ్చి, చెవిలో అడిగింది: "పక్కన మగపిల్లోళ్ళెవురూ కూసోలేదు గదా?"

పలమనేరు దాటాక ఇంక దేశం సంగతి వదిలేసి బంధువులను వెతుక్కోవడం మొదలుపెట్టాను. మా వంశంలో ఎవరు ఎక్కడికి కాపురానికి వెళ్ళారో, ఎవరు ఎక్కడ అప్పులపాలై స్థిరపడ్డారో అంతా తిరగేశాను. చివరకు దొరికాడు! అమ్మమ్మ చెల్లెలి కొడుకు, సేలంలో నూనె మిల్లు. సేలంలో ఆయనుంటే మదురైలో ఆయన బావమరిది లేకపోతాడా? టీచరమ్మకు చెబితే చప్పట్లు కొట్టింది, ఎందుకో అర్థం కాకుండానే.

కుప్పంలో మామ బస్టాండు దగ్గరే నిలబడి ఉన్నాడు. దిగీ దిగకుండానే చెప్పాను.

"మామా, సేలంలో మనోళ్ళు ఉండారు గదా! వాళ్ళింటికి పోతా."

మామ మొహం మాడిపోయింది. "వాళ్ళా? నా పెండ్లిలో రెండో బంతిలో ఆకేసినామని అలిగి, తినకుండా లేసిపోయినోళ్ళు. వాళ్ళ గడప మేం తొక్కం."

"మీరు తొక్కద్దు. నేను తొక్కుతా."

"నువ్వు తొక్కితే మేం తొక్కినట్టు గాదా? యాల ఇట్లా మాట్లాడతావు పాపా?"

నేను పుట్టకముందు ఎవరో తినని అన్నం అది. నా దేశానికి అదే సరిహద్దయింది. టీచరమ్మ ఇంకోసారి బతిమాలింది. మామ ఆవిడకు నమస్కారం పెట్టి నా పెట్టె అందుకున్నాడు. వాళ్ళు కిటికీల్లోంచి చేతులు ఊపుతూ కృష్ణగిరి దారి పట్టారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. మామ మాత్రం ఎదురుపడిన ప్రతి మనిషికీ చెప్పుకున్నాడు: "మా పాప ఆ దొరలకి దేశమంతా సూపించి వస్తాండాది!"

తర్వాత రెండేళ్ళకు మా తమ్ముడు స్నేహితులతో ఢిల్లీ చూడాలన్నాడు. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న వాడికి గాలి మార్పు మంచిదన్నారు. అమ్మ దారికి చెక్కలు చేసింది, నాన్న కొత్త బ్యాగు కొన్నాడు. బయలుదేరే రోజు అందరం అన్నాలకు కూర్చున్నప్పుడు అడిగాను.

"ఢిల్లీలో మనోళ్ళు ఎవురుండారు నాయనా?"

నాన్న నా వైపు చూడలేదు. అమ్మతో అన్నాడు, "వానికి ఇంకొంచెం నెయ్యి వెయ్యి. దూరం పొయ్యేవాడు."