ట్రైలరులో తెరవని అర

2023 జూలై 11, మంగళవారం. ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ముందురోజు సాయంత్రం పట్టిన ముసురు అప్పుడే తెరిపి ఇచ్చింది. శామీర్‌పేట చెరువుకు వెళ్లే దారి పక్కన ఓ ఖాళీ ప్లాటులో, పిచ్చిగడ్డి మధ్య, నాలుగు ఇటుకల దిమ్మెల మీద నిలిపిన తెల్లటి ట్రైలరు ముందు నేను నిలబడి ఉన్నాను. మేడ్చల్ కేంద్రంగా ఎలుకల నివారణ పనిలో అది నాకు ముప్పై ఒకటవ సంవత్సరం.

ట్రైలరు యాదమ్మది. చేపలు పట్టే కుటుంబం. అందులో చేపలు వేయించి చెరువు దగ్గర అమ్మేది. అనుమతి గడువు ముగియడంతో మే నెల నుంచి బండి కదలలేదు. జూన్‌లో తనిఖీకి వచ్చిన అధికారి పొయ్యి పక్కన ఎలుక పెంటికలు చూసి, సంతకం పెట్టకుండానే అనుమతి కాగితం వెనక్కి ఇచ్చాడు. రెండో తనిఖీ జూలై 26న. అప్పుడూ కనిపిస్తే చెరువు దగ్గర ఆమె బండి పెట్టుకునే స్థలం మరొకరికి వెళుతుంది. ఇంట్లో ఐదుగురికి ఆధారం ఆ బండే.

వంట చేసే చోట మందు పెట్టకూడదు. అందువల్ల మేము ఎక్స్‌క్లూజన్ అనే పద్ధతి పాటిస్తాము. అంటే ఎలుకను చంపడం కాక, అది వచ్చే దారులను మూసివేయడం. చిటికెన వేలు పట్టే సందు ఉంటే చిట్టెలుకకు చాలు. నేను బండి కింద పడుకుని, నీటి గొట్టం, కరెంటు తీగలు, గాలి జాలీ, చక్రాల పైభాగం వరుసగా పరిశీలించాను. రంధ్రాలు పదకొండు. అన్నింటిలో స్టీలు పీచు కూరి, పైన రేకు బిగించాను. ఆ తరువాత లోపలి సంగతి అడిగాను.

“లోపల తిండి వస్తువు ఏదైనా ఉందా?”

“ఏం లేదు సార్. పిండి, కారం, నూనె అన్నీ ఇంటికి మోసిన. ఉప్పు పలుకు గూడ లేదు,” అంది యాదమ్మ.

పుస్తకంలో ‘ఆహారం: సున్నా’ అని రాసుకున్నాను. పొయ్యి, అరలు, సింకు కింద భాగం చూశాను. ముందువైపు పైన పసుపు, కుంకుమ పెట్టిన చిన్న తలుపు ఒకటి ఉంది. దేవుడి అర అనుకుని, కాళ్లకు చెప్పులున్నాయి కనుక, ముట్టుకోలేదు.

జూలై 18న మళ్లీ వెళ్లాను. పొయ్యి పక్కన కొత్త పెంటికలు ఇరవై మూడు. వాటితోపాటు ఫ్రిజ్ తీగ రెండు చోట్ల కొరికి ఉంది.

“సార్, మీరు దారి మూసిన్రా, దారి జూపిన్రా?” అని అడిగింది యాదమ్మ. ఆ ఎత్తిపొడుపు న్యాయమైనదే. బయట పదకొండు రేకులూ చెక్కుచెదరలేదు. కాబట్టి కొత్తవి లోపలికి రాలేదు. ఉన్నవాటిని నేనే లోపల పెట్టి మూశాను. మూసే ముందు ఒక దారి వదిలి, మూడు రోజులు నేల మీద టాల్కం పొడి చల్లి, అడుగుజాడలు ఆగాకే ఆ చివరి దారి మూయాలి. తిండి లేని బండిలో ఎలుక ఉండదన్న ధీమాతో ఆ మూడు రోజులు వదిలేశాను.

వెంటనే పొడి చల్లి తలుపు మూయించాను. మరునాడు చూస్తే చిన్న చిన్న అడుగులు పొయ్యి వైపు వెళ్లలేదు. గోడ అంచున సాగి, నేరుగా దేవుడి అర కిందికి చేరాయి. చెప్పులు బయట విడిచి, ఈసారి తలుపు తెరవమన్నాను.

లోపల ఎర్రగుడ్డ మూట ఒకటి. మూలన చిరుగు. బియ్యం, ఐదు పసుపుకొమ్ములు, ఒక కొబ్బరికాయ. కొబ్బరి పీచు, గుడ్డ పేలికలతో వెనుక చక్కటి గూడు. మే నెలలో బండి ఆగిననాడు యాదమ్మ అత్త మల్లవ్వ కట్టిన ముడుపు అది. డెబ్బై దాటిన మనిషి, కర్ర ఊతంతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“తిండి లేదన్నారు కదమ్మా,” అన్నాను యాదమ్మతో.

“తిండంటే మనం తినేది. గిది దేవునిది. గీన్ని తిండంటరా తమ్ముడా?” అంది మల్లవ్వ.

“ఎలుకకు ఆ తేడా తెలియదు. దీన్ని దించాలి.”

“దించనియ్య. అనుమతి కాయిదం చేతికొచ్చినంక కీసర గుట్టకు బోయి మొక్కు చెల్లిస్తనని కట్టుకున్న. గప్పటిదాంక కదల్చొద్దు.”

“గది ఉంటె కాయిదమే రాదత్తా,” అంది యాదమ్మ.

“ఎలుక గూడ దేవుని బండే గద. మన బండెక్కితె తప్పేంది?”

యాదమ్మ నవ్వలేదు. తనిఖీకి ఇంకా ఏడు రోజులు. నేను మల్లవ్వతో వాదించలేదు. ఆమె మాట ప్రకారం ముడుపు బండిలో ఉండాలి, అంతే. గుడ్డలోనే ఉండాలని ఆమె అనలేదు. బిగువైన మూతగల స్టీలు డబ్బా ఒకటి యాదమ్మను తెమ్మన్నాను. మల్లవ్వ దాన్ని వేళ్లతో రెండుసార్లు కొట్టి చూసింది.

“దేవునికి ఊపిరాడుతదా?”

“ఎలుకకు మాత్రం ముడుపు అందదు.”

“సరే తియ్. మూత పెట్టు. తాళం మాత్రం ఎయ్యకు.”

ఆమే స్నానం చేసి వచ్చి, కొత్త బియ్యం, కొత్త కాయ కొత్త గుడ్డలో కట్టి డబ్బాలో పెట్టింది. డబ్బాకు బొట్టు పెట్టి, అదే అరలో తన చేతులతోనే ఉంచింది. పాత గూడు తీసి, అర కడిగి, రెండు బోనులు అమర్చాను. 20 నుంచి 22 వరకు చిట్టెలుకలు పడ్డాయి. 23, 24, 25 తేదీల్లో పొడి మీద ఒక్క అడుగూ లేదు. 25 సాయంత్రం కొరికిన తీగ మార్పించాను.

ఈ ఉదంతం తరువాత నేను ‘తిండి ఉందా’ అని ఎవరినీ అడగలేదు. గింజ ఎక్కడ ఉంది, కాయ ఎక్కడ ఉంది, దేవుడి అర ఎక్కడ ఉంది అని విడివిడిగా అడిగి, చెప్పులు విడిచి, నా కళ్లతో చూస్తున్నాను. జూలై 11న నా పుస్తకంలో పడిన సున్నా నేను లెక్కించినది కాదు, విన్నది. అది నా పొరపాటు, యాదమ్మది కాదు.

26న అధికారి పదకొండున్నరకు వచ్చి, పన్నెండు గంటలకు సంతకం చేశాడు. మల్లవ్వ ఆ వారమే కీసర బస్సెక్కింది.

చివరి లెక్క ఇది: మూసిన రంధ్రాలు పదకొండు. పట్టుబడిన చిట్టెలుకలు నాలుగు. తనిఖీ నాడు కనిపించిన పెంటికలు సున్నా, దేవుడి అరతో కలిపి.