చెంగమ్మ తెచ్చిన సీసా

1878లో నన్ను ఆత్మకూరు దవాఖానా నుంచి ఉదయగిరికి మార్చారు. హోదా హాస్పిటల్ అసిస్టెంటు. నెల్లూరులో ఉండే సివిల్ సర్జను దొరకు నేను కింది ఉద్యోగిని. ఉదయగిరి జనానికి మాత్రం పెద్ద డాక్టరును. కీళ్లనొప్పులకు సాలిసిలేట్ అనే తెల్ల పొడి అప్పుడే కొత్తగా వచ్చింది. నొప్పినీ వాపునీ చిత్రంగా లాగేసేది.

మంత్రసాని చెంగమ్మ మోకాళ్లు వాచి, కాన్పులకు పోలేక ఇంట్లో కూర్చుంది. రెండు నెలలకు సరిపడా పొట్లాలు ఇచ్చాను. పది రోజులకే కొండ కింది పల్లెలకు నడిచి పోతోందని విని గర్వపడ్డాను. ఇరవయ్యో రోజున ముఖం ఉబ్బి, కాళ్లకు నీరు దిగి, మూత్రం సరిగా రాక, కోడలు పెంచలమ్మ భుజం పట్టుకుని వచ్చింది.

మూత్రం గాజు గొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద కాచాను. ఉడికిన తెల్లసొనలా గడ్డకట్టింది. ఒంట్లో నిలవాల్సిన సారాన్ని మూత్రపిండాలు బయటికి వదిలేస్తున్నాయన్నమాట. పొడి మీదే అనుమానం వచ్చి ఆపమన్నాను.

వారం తర్వాత అత్తాకోడళ్లు మళ్లీ వచ్చారు. మిగిలిన పొట్లాలు వాగులో పారేసినానని చెంగమ్మ ఒట్టేసి, ఇంటి నుంచి తెచ్చిన మూత్రం సీసా ఇచ్చింది. వాపు అలాగే ఉంది. పొడి ఆపినా తగ్గకపోతే మూత్రపిండాలు పూర్తిగా చెడ్డట్టే. దానికి నా దగ్గర మందు లేదు. భయపడుతూనే కాచాను. మూత్రం తేటగా ఉంది! ముఖం చూస్తే రోగం, సీసా చూస్తే ఆరోగ్యం. పొడి నిజంగా ఆపిందో లేదో చూద్దామని రెండు చుక్కలు ఇనుప టింక్చరు వేశాను. సాలిసిలేట్ తిన్నవాళ్ల మూత్రం దానితో నేరేడుపండు రంగుకు తిరుగుతుంది. తిరిగింది.

“ఇంకా పొడి తింటున్నావు, అవ్వా” అన్నాను.

“నేనా? అది నాది కాదయ్యా, మా కోడలిది!” అనేసి చెంగమ్మ నాలుక కరుచుకుంది. వెంటనే కోడలి వైపు తిరిగింది. “ఏందే, నా పొట్లాలు తగ్గిపోతా ఉండేది నీ వల్లనా?”

“వాగులో పారేసినానంటివి గదత్తా! మరి బియ్యం కుండలోకి ఎట్ట వచ్చినాయి? పన్ను నొప్పికి రెండే తిన్నాను” అంది పెంచలమ్మ.

నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాను. గట్టిగా అడిగితే తేలింది, చెంగమ్మ మొదటి నుంచీ రోజుకు మూడు పొట్లాలకు బదులు ఆరు తింటూ వచ్చింది. “పురిటి నొప్పులకు పిలిస్తే నా మోకాలి నొప్పి ఎట్ట చెప్పేది?” అంది.

మిగిలిన పొట్లాలు నేనే తెప్పించుకున్నాను. మూడు వారాల్లో వాపు తీసింది, మూత్రం తేటపడింది. మోకాళ్ల నొప్పి తిరిగి వచ్చింది. బండి పంపితేనే కాన్పుకు వస్తానని చెంగమ్మ షరతు పెట్టింది.

పింఛను పుచ్చుకునేదాకా రెండు నియమాలు తప్పలేదు. నొప్పి పొడి ఇచ్చే ముందూ, ఇచ్చాక వారం వారమూ మూత్రం కాచి చూశాను. ఇంటి నుంచి తెచ్చిన సీసా మాత్రం ముట్టలేదు. దవాఖానా వెనక తడిక చాటున నింపి, వెచ్చగా ఉండగానే చేతికివ్వమనేవాణ్ణి.