కాలిన వాసన

వట్లూరులో వీరదుర్గ వాళ్ళింటి స్నానాలగది తలుపుకి లోపల గడియ లేదు. ఉండాల్సిన చోట చిల్లులున్నాయి. ఇల్లు కట్టినప్పుడు వడ్రంగి బిగిస్తే, ఆ సాయంత్రమే అన్నయ్య ఫణికిరణ్ ఊడదీశాడు. వీరదుర్గ స్నానానికి వెళ్తే తల్లి వీరరాఘవమ్మ తలుపు బయట పీట వేసుకుని ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది. లోపల్నుంచి జవాబు రావాలి. రాకపోతే తలుపు తెరుచుకుంటుంది.

వీరదుర్గకి ముప్పై దాటాయి. చిన్నప్పటి నుంచీ మూర్ఛ. కొల్లేటి పక్కన చేపల చెరువు గట్టు మీద కాపురమున్న రోజుల్లో ఒకసారి నీళ్ళలో పడిపోతే అన్నయ్య జుట్టు పట్టి లాగాడు. అప్పటినుంచి నీళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు. పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. తర్వాత పడవ, మేడమెట్లు, పెళ్ళి. ఒక్కొక్కటే తీసేశారు. కోపంతో కాదు. ప్రేమతోనే. అందుకే ఎదురు చెప్పడం కుదరలేదు.

ఇప్పుడు కాలేజీల దగ్గర జిరాక్సు షాపులో పని. పొద్దున్న అన్నయ్య బండి మీద దించుతాడు. ఆరింటికి వచ్చి ఎక్కించుకుంటాడు. మందులు వేళకి వేసుకుంటుంది. మూర్ఛ వచ్చి చాలాకాలమైంది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు.

మూర్ఛ వచ్చేముందు ఆమెకి కాలిన వాసన వేస్తుంది. ఎక్కడా ఏదీ కాలదు. వాసన మాత్రం వేస్తుంది. ఆ తర్వాత ఆమెకి ఏమీ తెలీదు. వాసన రాగానే ఒక పక్కకి తిరిగి పడుకోమని డాక్టరు నేర్పాడు.

ఏప్రిల్లో ఎవరో బుట్టాయగూడెం అవతలి కొండల ఫోటోలు కలర్ ప్రింట్లు తీయించుకున్నారు. ఎండిన అడవి, రాళ్ళు, ఆకాశం. నీళ్ళు లేవు, పొయ్యి లేదు, రోడ్డు లేదు. అక్కడ పడితే నేల మీదే పడతాను అనుకుంది. ఒక్క రోజు ఎవరూ పిలవకుండా ఉండాలి. క్షేమంగా తిరిగి రావాలి. పడిపోయిందంటే ఇక షాపు కూడా మాన్పించేస్తారు.

షాపు తేజస్విది. వీరదుర్గ కంటే చిన్నది.

"రేపు నేను రాను. కానీ వచ్చినట్టే ఉండాలి."

"ఎవరక్కా అతను?"

"అతనూ లేడు, ఎవరూ లేరు. కొండెక్కుదామని."

"ఈ ఎండలోనా? అతనుంటేనే నయం." తేజస్వి మిషన్లో కాగితాలు నింపుతూ ఒప్పుకుంది. "ఆరింటికి షాపు ముందుండాలి. లేకపోతే మీ అన్నయ్య నన్ను మిషన్లో పెట్టి జిరాక్సు తీస్తాడు."

మర్నాడు అన్నయ్య షాపు ముందు దించి వెళ్ళాక, జంగారెడ్డిగూడెం దాకా బస్సు. అక్కడ్నించి ఆటో.

"ఒక్కరేనా అండీ?" అన్నాడు ఆటో అతను. "పైన ఏమీ లేదండీ. గుడి కూడా లేదు."

"ఫర్వాలేదండీ."

బాట ఎండుటాకుల కింద కనపడీ కనపడకుండా ఉంది. అడుగు వేస్తే ఆకులు నలుగుతున్నాయి. ఆగితే ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం ఆమెని నిలవనివ్వలేదు. నాలుగడుగులు వేసి వెనక్కి చూసేది. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా "ఆఁ, ఉన్నా" అంది ఒకసారి. తన గొంతు విని సిగ్గుపడింది.

కొండ నడుముకి చేరాక కాలిన వాసన వచ్చింది.

ఇవాళే రావాలా అనుకుంది. కళ్ళజోడు తీసి సంచిలో పెట్టింది. దగ్గర్లో రాళ్ళు జరిపింది. సంచి తలకింద పెట్టుకుని ఎడమవైపుకి తిరిగి పడుకుంది. ఎదురుచూసింది.

ఒక చీమ చేతి మీంచి నడిచి వెళ్ళింది. అది వెళ్ళిపోవడం ఆమెకి తెలిసింది. వాసన పోలేదు. ఎప్పుడూ ఇంతసేపు లేదు. కళ్ళు మండాయి. దగ్గు వచ్చింది. ఇదివరకు వాసనతో దగ్గు రాలేదు.

లేచి కళ్ళజోడు పెట్టుకుంది. తను ఎక్కివచ్చిన బాట పొగలో లేదు. ఎండుటాకుల్లో మంట తక్కువ ఎత్తున, వెడల్పుగా, పైకి పాకుతోంది.

"ఈ వాసన నాది కాదు," అంది పైకే. భయం కంటే ముందు వచ్చింది ఆ మాట.

పడుకున్నంతసేపట్లో బాట మూసుకుపోయింది. రెండోవైపున్న వాగు పల్లంలోకి ఆమె దిగింది. ఎండిన వాగు. రాళ్ళ మీద జారి అరచేతులు చీరుకుపోయాయి. అడుగున రెండు బండల మధ్య మడుగు మిగిలి ఉంది. పచ్చటి నీళ్ళు, లోతు కనపడదు. అవతలికి దారి అదొక్కటే.

నిలబడిపోయింది. ఇందులో వాసన వస్తే జుట్టు పట్టి లాగేవాళ్ళు లేరు. వెనక కొమ్మలు చిటపటమంటున్నాయి. సంచి తలమీద పెట్టుకుని దిగింది. మోకాళ్ళు. నడుము. గుండెలు.

"ఉన్నాను," అంది. "ఉన్నాను. ఉన్నాను."

అవతలి గట్టున దోసిలితో నీళ్ళు తాగి, చీర పిండుకుని కిందికి నడిచింది.

కింద పొలం అంచున ఒక ముసలామె పచ్చికొమ్మతో నిప్పురవ్వలు కొడుతోంది. "మిగతావాళ్ళేరమ్మా?"

"లేరండీ. ఒక్కదాన్నే."

"మొగుడితో దెబ్బలాడొచ్చావా?"

"మొగుడు లేడండీ."

"మరింకెందుకమ్మా ఈ కొండెక్కడం!" ముసలామె నవ్వి, రోడ్డు ఎటో కొమ్మతో చూపించింది.

జంగారెడ్డిగూడెం చేరేసరికి ఆరు దాటింది. ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు?" అన్నాడు ఫణికిరణ్. "తేజస్వి ఏడుస్తోంది, చెప్పట్లేదు."

"జంగారెడ్డిగూడెంలో. కొండెక్కి దిగాను."

"వచ్చిందా?"

"రాలేదు అన్నయ్యా. వాసనొచ్చింది. నిజంగానే కాలుతోంది."

"అక్కడే కూర్చో. నేనొస్తున్నా."

"వద్దు. బస్సుంది. అమ్మకి నేనే చెప్తాను."

అతను ఫోన్ పెట్టలేదు. ఆమే పెట్టేసింది.

బస్సుకి ఇంకా టైముంది. బస్టాండు ఎదుట ఇనుపసామాను షాపులోకి వెళ్ళింది. చీర అంచు ఇంకా తడిగానే ఉంది.

"తలుపు గడియ ఒకటివ్వండి. మేకులతో సహా."

షాపతను రెండు రకాలు బల్లమీద పెట్టాడు. "బయట వేసుకోడానికా అండీ, లోపలా?"

"లోపల," అంది వీరదుర్గ.