ఎనిమిదెకరాల పూలు

2024 మార్చిలో నేను మలేషియాలోని క్లాంగ్‌లో ఒక ఆఫీసు హెల్ప్‌డెస్క్‌లో పనిచేస్తున్నాను. బ్రిటన్ రైతులు పొలం మ్యాపులకు వాడే సాఫ్ట్‌వేర్ మాది. అది మొరాయిస్తే మాకు ఫోన్ చేస్తారు. మాకు సాయంత్రం నాలుగైతే వాళ్లకు పొద్దున ఎనిమిది. బార్లీ చేను నేను కంటితో చూసి ఎరగను. కౌలా సెలంగోర్‌లో మా నాన్నకున్న నాలుగెకరాల పామాయిల్ తోటే నాకు తెలిసిన వ్యవసాయం.

ఆరోజు పీటర్ అనే పెద్దాయన ఫారం సబ్మిట్ కావడం లేదని ఫోన్ చేశాడు. రిమోట్ సెషన్ పెట్టాను, అంటే ఆయన కంప్యూటర్‌ను ఇక్కడి నుంచి నేను నడపడం. చిక్కు చిన్నదే, మ్యాపులో చేను హద్దు గీత ఒకచోట కలవలేదు. రెండు నిమిషాల్లో సరిచేసి "ఇక నొక్కండి" అన్నాను. ఆయన నొక్కలేదు.

ఆ ఫారం ఎనిమిదెకరాల చేనుది. రెండేళ్లుగా వేసిన బార్లీ వానలకు కుళ్లిపోయింది. ఎరువుల ధరలు చూస్తే మూడోసారి వేసే ధైర్యం లేదట. సబ్మిట్ చేస్తే మూడేళ్లు దున్నకూడదు, తేనెటీగల కోసం అడవి పూలు పెంచాలి, అందుకు ప్రభుత్వం డబ్బిస్తుంది. గడువు ఆరోజే.

"మీరైతే ఏం చేస్తారు?" అని అడిగాడు.

"మేం సలహా ఇవ్వకూడదండీ."

"మా నాన్న దున్నిన చేను. నాకు చెయ్యి రావడం లేదు. మీరే నొక్కండి."

బటన్ నొక్కితే అది సలహా అవుతుందా, కాదా? అడుగుదామంటే పక్క సీటు ఖాళీ. నొక్కేశాను. ఆయన ఫిర్యాదు నమోదైన టికెట్‌లో "సమస్య తీరింది" అని రాశాను.

ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను.

"పంటెయ్యకపోతే డబ్బులిత్తారా? అదేటి లా!" అని, ఇక్కడివాళ్ల అలవాటుగా మాట చివర "లా" తగిలించి నవ్వాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "కాలవ పక్క రెండు వరసలకీ మందు కొట్టొద్దని తోటకి సర్టిఫికెట్టిచ్చేటోళ్లు సెప్పినారు. నానూ ఒగ్గేసినాను. మంచిదో కాదో నాకు తెల్దు. కానీ ఒగ్గేసింది నాను. ఆయన సేను నువ్వెందుకు ఒగ్గేసినావమ్మా?"



జులైలో అదే టికెట్‌కు పీటర్ ఒక ఫొటో పంపాడు. చేనంతా ఎర్రగా, నీలంగా పూలు. కింద ఇలా రాశాడు: "ఈ చేను ఇంత అందంగా ఎప్పుడూ లేదు. రోజూ పొద్దున్నే వెళ్లి గట్టున నిలబడతాను. ఏం చెయ్యాలో తోచడం లేదు."

సంతోషించాలో ఏడవాలో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

ఇప్పుడు మాత్రం గీతలు కలిపాక మౌస్ వాళ్లకే ఇచ్చేస్తున్నాను. "ఒకసారి చేను చూసి రండి, నొక్కేది మీరే" అంటాను. కొందరు చూసొచ్చి కూడా "ఇంకా తెలియడం లేదు" అంటారు. "నాకూ తెలియదండీ" అని చెప్పి, వాళ్లు నొక్కేదాకానో వద్దనుకునేదాకానో లైన్‌లోనే ఉంటాను.