సొరకాయ తిని లావెక్కిన యిర్మియా

యిర్మియాకు తన పొట్ట మీద ఏ ఫిర్యాదూ లేదు. గోదావరిఖని బొగ్గుబాయిలో ఆయనది పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. దుంగ ఒక కొసను నేలకు ఆనించి, రెండో కొసను పొట్టకు మోపి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని గొడ్డలి అందుకోగల మనిషి ఆ షిఫ్టు మొత్తంలో ఆయనొక్కడే. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పుకునేవాడు.

చిక్కల్లా డ్యూటీ అయ్యాక బయటికి వచ్చేటప్పుడే. బాయి లోపలి నుంచి పైకి ఏటవాలు దారిలో అర కిలోమీటరుకు పైగా ఎక్కాలి. మొదట్లో ఒక్క ఊపులో ఎక్కేవాడు. పంతొమ్మిది వందల డెబ్బై మూడు ఎండాకాలం వచ్చేసరికి నాలుగుసార్లు కూర్చుంటున్నాడు. వెనకాల నడిచే రాయమల్లు, అదే జట్టులో పనిచేసే పాత దోస్తు, విసుక్కునేవాడు.

“అన్నా, నువ్విట్ల కూసుంటా పోతే మనం పైకెక్కేసరికి రెండో షిఫ్టోళ్ళు ఎదురొస్తరే.”

ఒకరోజు ఐదోసారి కూర్చుని మళ్ళీ లేవలేదు. కళ్ళ ముందు దీపాలన్నీ రెండేసి కనిపించాయి. నలుగురు కలిసి ఆయన్ను బయటికి మోసుకొచ్చారు. మోసిన నలుగురికీ రెండు రోజులు నడుములు పట్టుకుపోయాయి. అక్కడి నుంచి దవాఖానకు తీసుకుపోయారు.

దవాఖానలో కొత్తగా వచ్చిన డాక్టరు కోస్తా వైపువాడు, బక్కపలచటి మనిషి. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి చూశాడు. కాంటా ఎక్కించి చూశాడు. తొంభై రెండు కిలోలు.

“ఏం తింటావయ్యా రోజూ?”

యిర్మియా అబద్ధం ఆడే మనిషి కాదు, తిండి విషయంలో అసలే కాదు. “ఆదివారం గుడి అయినంక బగారన్నం, మటను సార్. సోమారం తలకాయ. మంగళారం కోడి. బుధారం బోటి, మంచిగ కడిగి, కొవ్వుతోటి వండాలె. బేస్తారం పాయ. శనారం ఏది దొరికితే అది.”

“శుక్రవారం?”

“శుక్రారం ఉత్త పప్పే సార్,” అన్నాడు యిర్మియా, శుక్రవారం తానెంత త్యాగం చేస్తున్నాడో డాక్టరుకు తెలియాలని. “అండ్ల ఇంత నెయ్యి.”

చెప్పే తీరుకు పక్కన నిలబడిన కాంపౌండరు రెండుసార్లు గుటకలు మింగాడు. డాక్టరు మాత్రం కాగితం తీసుకుని రాశాడు. మాత్రలు ఒక్క వరసలో అయిపోయాయి. మిగతా పేజీ అంతా తిండే. నెయ్యి, డాల్డా, వేపుళ్ళు, మాంసం బంద్. జొన్న రొట్టె, గట్క, ఆకుకూర, సొరకాయ, మజ్జిగ. ఉప్పు సగం.

“మూడు నెలల్లో పది కిలోలు తగ్గాలి. తగ్గకపోతే బాయిలోకి దిగనివ్వను. పైన ఎక్కడో కూర్చోబెడతారు.”

కాగితం భార్య సుగుణమణి చేతికి ఇచ్చాడు. అక్కడే యిర్మియా కథ మలుపు తిరిగింది. డాక్టరు మాట యిర్మియా వింటాడో లేదో గాని, సుగుణమణి వింటుంది. ఆమె చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఒక పని తన చేతికి వచ్చిందంటే అది పూర్తయ్యే దాకా ఎవరినీ నిద్రపోనివ్వదు.

ఆ కాగితం మీద యిర్మియాను అన్నిటికంటే ఎక్కువ పొడిచిన మాట గట్క. దాని వెనక ఆయన చిన్నతనమంతా ఉంది. కాసిపేట వైపు పల్లెలో, ఒకరి చేలల్లో పనిచేసే ఇంట్లో పుట్టాడు. జొన్నలు విసిరి, నీళ్ళలో ఉడకేసి, ముద్ద చేసి, దాని మీద పచ్చిపులుసు పోసుకుని తినడం. పొద్దున అదే, రాత్రి అదే. ఆకుకూర అంటే గట్ల మీద దొరికింది. దొర ఇంట్లో పెళ్ళయితే గోడ అవతల నుంచి వచ్చే నేతి వాసన పీలుస్తూ ఈ పక్క గట్క తినేవాళ్ళు. అరవై ఒకటిలో గోదావరిఖనిలో బాయిలు తెరిచి మనుషుల్ని తీసుకుంటున్నారని విని నడుచుకుంటూ వచ్చాడు. మొదటి జీతం చేతికి రాగానే కిలో మటన్ తెచ్చి, తానే వండుకుని, తలుపు గడియ పెట్టుకుని, ఒక్కడే తిన్నాడు. తిన్నాక కడుపు నొప్పితో రెండు రోజులు డ్యూటీ పోయింది. ఆ నొప్పి గురించి కూడా ఆయన ఆ తరువాత ఎంతో ప్రేమగా చెప్పేవాడు.

అందుకే మొదటిరోజు కంచంలో గట్క ముద్ద చూసి ఆయనకు ఏడుపొచ్చింది.

“ఏమే, గీ గట్క తినద్దనే కదనే నేను బాయిల దిగింది? పన్నెండేండ్లు బొగ్గు మింగిన. మల్ల గీడికే తెస్తివా?”

“అప్పుడు లేక తిన్నవు. ఇప్పుడు ఉండి తిను,” అంది సుగుణమణి. “రెండొద్దులైతె అలవాటైతది.”

“అలవాటైతదనే నా భయం.”

ఆమె నెయ్యి డబ్బా తీసుకుపోయి పాస్టరమ్మ ఇంట్లో దాచింది. డాల్డా డబ్బాలో పుదీనా నాటింది. పెళ్ళయ్యాక ఆ డబ్బాలో డాల్డా లేకపోవడం యిర్మియా చూడడం అదే మొదలు. అది చాలదన్నట్టు బుధవారం ప్రార్థన కూటంలో అందరి ముందూ లేచి నిలబడి కళ్ళు మూసుకుంది.

“ప్రభువా, నా పెనిమిటి పొట్టను జ్ఞాపకం చేసుకో.”

వెనక వరసలో ఎవరో గట్టిగానే “ఆమేన్” అన్నారు. యిర్మియా ఆ తరువాత రెండు బుధవారాలు రెండో షిఫ్టు వేయించుకున్నాడు.

ఇక బాయి లోపల. యిర్మియా టిఫిన్ గిన్నె అంటే జట్టులో ఒక పండుగ. నాలుగు అంతస్తుల గిన్నె. మధ్యలో విరామం వస్తే రాయమల్లు, బిక్షం, గట్టయ్య ముగ్గురూ తమ డబ్బాలు మూత కూడా తీయకుండా ఆయన చుట్టూ చేరేవాళ్ళు. టోపీ దీపాలు నాలుగూ ఆ గిన్నె మీదనే పడేవి. ఆ రోజు మూత తీస్తే సొరకాయ. రెండో గిన్నె తీస్తే తోటకూర. మూడో దాంట్లో రొట్టె. నాలుగోది ఖాళీ, మజ్జిగ పోసుకోవడానికట.

టోపీ దీపాలు ఒక్కొక్కటే గిన్నె మీద నుంచి పక్కకు జరిగాయి.

“వదినెతోటి ఏమన్న లొల్లైందానే?” అని మెల్లగా అడిగాడు బిక్షం.

యిర్మియా డాక్టరు చీటీ సంగతి చెప్పాడు. పన్నెండేళ్ళు తమకు బోటి తినిపించిన మనిషి సొరకాయ నములుతుంటే ఆ ముగ్గురూ చూస్తూ ఎట్లా ఊరుకుంటారు?

మరుసటి రోజు గట్టయ్య నాలుగు గారెలు తెచ్చాడు. “మా అవ్వ చేసింది. నాలుగంటే నాలుగే. గింతదానికేమైతదే?” ఆ తరువాతి రోజు బిక్షం గోదావరి చేపలు వేయించి తెచ్చాడు. రాయమల్లు ఇంట్లో అయితే భార్య మల్లక్క యిర్మియా కోసమని వేరే గిన్నె కొన్నది. అందులో కార్జం వేపుడు వచ్చేది, పల్లినూనె తేలుతూ. ముగ్గురిలో ఎవరికీ మిగతా ఇద్దరు తెస్తున్నది లెక్కలోకి రాలేదు. ఎవరికి వాళ్ళు తమది చారెడే కదా అనుకున్నారు. యిర్మియా మాత్రం ఒక్కరి మనసూ నొప్పించలేదు. అన్నీ తిన్నాడు. సొరకాయ కూడా పారేయడం పాపమని చివర్లో అదీ తినేవాడు.

తినబోయే ముందు అలవాటు ప్రకారం టోపీ తీసి కళ్ళు మూసుకునేవాడు.

“దొంగకూరకు ప్రార్థన ఏందే?” అన్నాడు రాయమల్లు ఒకనాడు.

“కూర దొంగది కాదురా, నేను దొంగని. కూర చేసిన తప్పేంది?” అని కార్జం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు యిర్మియా.

నెలన్నర గడిచింది. సుగుణమణి చీటీని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. అందుకే ఆ రోజు దవాఖానకు భర్తతో పాటు పరీక్ష రాసిన పిల్లలా ధైర్యంగా వచ్చింది. యిర్మియా మాత్రం చెప్పులు విప్పాడు, జేబులో తాళాలు తీశాడు, నడుముకున్న బెల్టు తీశాడు, చివరికి ఊపిరి కూడా వదిలేసి కాంటా ఎక్కాడు.

తొంభై నాలుగు.

డాక్టరు వంగి ఇంకోసారి చూశాడు. యిర్మియా పైకప్పు వైపు చూశాడు. సుగుణమణి డాక్టరు మీదికి తిరిగింది.

“సార్, మీ కాంటా ఖరాబైంది.”

“లేదమ్మా, బాగానే ఉంది.”

“ఎట్ల బాగున్నది? నెలపదిహేనొద్దులు నేను సొరకాయ తప్ప పెట్టలే. ఉప్పు గుడ సగం. సొరకాయ తిని ఎవలన్న లావైతరా?”

ఆమె గొంతుకు బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చారు. డాక్టరుకు పరువు సమస్య వచ్చి పడింది. “సరే, నువ్వు ఎక్కమ్మా. చలికాలంలో నీకు జ్వరం వచ్చినప్పుడు తూచినది కార్డులో ఉంటుంది. తేడా ఉంటే కాంటాదే తప్పు.”

సుగుణమణి కొంగు దోపుకుని ఎక్కింది. ముల్లు ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. డాక్టరు కార్డు తీశాడు. నలభై తొమ్మిది.

“చూసిండ్రా? ఖరాబైందంటే వినరు,” అంది ఆమె గెలిచినట్టు.

డాక్టరు ఆమె కళ్ళ కింద వేలితో లాగి చూశాడు. చెయ్యి ఎత్తమన్నాడు. ఎత్తితే గాజులన్నీ గలగలమని మోచేతి దాకా జారాయి.

“నువ్వేం తింటున్నావమ్మా?”

“ఆయన తినేదే. ఆయన ముంగట సొరకాయ పెట్టి నేను మటను తింటనా సార్? నాకు ముద్ద దిగుతదా?”

“అదే సొరకాయ తిని నువ్వు పది కిలోలు తగ్గావు,” అన్నాడు డాక్టరు నిదానంగా. “అదే సొరకాయ తిని ఈయన రెండు కిలోలు పెరిగాడు.”

ముందు కాంపౌండరుకు అర్థమైంది, వాడు సీసాల వైపు తిరిగి భుజాలు కదుపుతూ నవ్వాడు. తరువాత తలుపు దగ్గరున్నవాళ్ళకు అర్థమైంది. అందరికంటే చివర్న సుగుణమణి భర్త ముఖం చూసింది. యిర్మియా చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. చెప్పులు కాళ్ళ ముందే ఉన్నాయి.

డాక్టరు ఆమెకొక చీటీ రాశాడు. రోజూ రెండు గుడ్లు, పాలు, కార్జం, బొక్కల చారు.

దవాఖాన నుంచి క్వార్టరు దాకా ఆమె చీటీ పట్టుకుని ముందు నడిచింది. యిర్మియా రెండడుగులు వెనక నడిచాడు. ఆమె వీపు అంత సన్నబడిందని అప్పటిదాకా ఆయన చూడనే లేదు. జాకెట్టు చేతులు సంచుల్లా వేలాడుతున్నాయి. నెలన్నరగా కడుపునిండా తిని ఇంటికొచ్చి, ఈమె ఎదురుగా కూర్చుని సొరకాయను తిట్టాడు. ఈమె ఆ తిట్లు వింటూ ఆకలితో అదే తిన్నది. ఆయనకు ఏటవాలు దారి ఎక్కినప్పటి కంటే ఎక్కువ ఆయాసం వచ్చింది. క్వార్టరు మెట్ల దగ్గర మొత్తం చెప్పేశాడు. గారెలు, చేపలు, మల్లక్క కొన్న వేరే గిన్నెతో సహా.

సుగుణమణి అంతా విని అడిగింది. “కార్జం ఎట్లుండె?”

ఆయన తెల్లబోయాడు. “ఆఁ?”

“మల్లక్క చేసింది. ఎట్లుండె అంటున్న.”

“ఉప్పెక్కువ,” అన్నాడు యిర్మియా నిజాయితీగా.

ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే చేతిలో ఉన్న చీటీతో ఆయన పొట్ట మీద రెండు కొట్టింది.

ఆ సాయంత్రం యిర్మియా మార్కెట్టుకు పోయి కార్జం, మూలుగ బొక్కలు తెచ్చాడు. తానే అల్లం నూరి, బొక్కలు రెండు గంటలు మరిగించి, మిరియాలు దంచి వేశాడు. ఉప్పు సరిపోయిందో లేదో ఆమెనే చూడమన్నాడు, తాను నాలుక మీద చుక్క వేసుకోలేదు. ఆమె బొక్క గిన్నెకు తట్టి మూలుగ రాలగొట్టి చప్పరిస్తుంటే, ఎదురుగా కూర్చుని గట్క తిన్నాడు. వాసనకు నోట్లో ఊరిన నీళ్ళు గట్కలో కలిసి, ఆ పూట పచ్చిపులుసు అవసరం పడలేదు.

సుగుణమణి అంతటితో వదల్లేదు. ఆ వచ్చే ఆదివారం ముగ్గురినీ భోజనానికి పిలిచింది. పాస్టరమ్మ ఇంటి నుంచి నెయ్యి డబ్బా తిరిగి వచ్చిందని కాలనీలో పుకారు కూడా పుట్టించింది. బిక్షం, గట్టయ్య, రాయమల్లు తలలకు నూనె రాసుకుని, ఉతికిన అంగీలు వేసుకుని, పొద్దున ఏమీ తినకుండా వచ్చి యిర్మియా పక్కన వరసగా కూర్చున్నారు. లోపలి నుంచి బొక్కల చారు వాసన. గట్టయ్య చేతులు రెండుసార్లు కడిగాడు.

విస్తళ్ళలో ముందు గట్క పడింది. తరువాత సొరకాయ. తరువాత తోటకూర. ముగ్గురూ అది మొదటి వడ్డన అనుకుని మర్యాదగా ఎదురుచూశారు. సుగుణమణి వచ్చి వాళ్ళ పక్కనే పీట వేసుకుని, తన కంచంలో కార్జం, గుడ్లు, గిన్నె నిండా చారు పెట్టుకుని కూర్చుంది.

“తినుండ్రి తమ్మీ. నాకైతే డాక్టరు రాసిచ్చిండు, ఏం చేస్త మరి? మీరు మా ఆయనకు ప్రేమతోటి పెడుతున్నరట. ఇగ మా ఇంట్ల ఆయన తినేదే మీకూ పెడత.”

బిక్షం ముఖం వాడిపోయింది. గట్టయ్య సొరకాయ ముక్కను వేలితో అటూ ఇటూ దొర్లించాడు. రాయమల్లు మాత్రం తలవంచుకుని తింటున్నాడు. విస్తరి ఖాళీ చేసి తలెత్తాడు.

“వదినె, ఇంకింత గట్క ఉన్నదా?”

అందరూ ఆయన వైపు తిరిగారు.

“మా అవ్వ పోయినంక గిట్ల తినలే,” అన్నాడు రాయమల్లు సిగ్గుపడుతూ. “మల్లక్కకు గట్క వండ రాదు.”

“నీకేమన్న దిమాగున్నదారా?” అన్నాడు యిర్మియా కోపంగా. సుగుణమణి మాత్రం చారు గిన్నె పక్కన పెట్టి లేచి, రాయమల్లుకు రెండు ముద్దలు వడ్డించి, మీద పచ్చిపులుసు పోసింది. కాసేపటికి గిన్నె అడుగున మిగిలిన చారు ముగ్గురికీ గరిటెడు చొప్పున పంచింది కూడా.

మూడు నెలల గడువుకు యిర్మియా ఎనభై నాలుగు దగ్గర ఆగాడు. డాక్టరు మిగిలిన రెండు కిలోలు మాఫీ చేసి సంతకం పెట్టాడు. సుగుణమణి నలభై ఎనిమిదికి వచ్చింది. ఆ తరువాత ఆ ఇంట్లో ఆదివారం మటన్, మిగతా రోజులు కూరలు అని ఒప్పందం కుదిరింది. ఆదివారం నాడు యిర్మియా చర్చి నుంచి వచ్చే నడక చూస్తే, ఆయనకు డెబ్బై మూడులో ఆయాసం వచ్చేదని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. పాస్టరు ఆఖరి మాట పూర్తికాక ముందే ఆయన కాలనీ మలుపు తిరిగిపోయేవాడు.