బాగున్నాగారి గుండీలు

మా తమ్ముణ్ణి వాళ్ల వీధిలో అందరూ బాగున్నాగారు అంటారు. ఎగతాళికి కాదు, ముద్దుకే. పాలవాడు పలకరించినా, కుక్క మొరిగినా వాడి జవాబు ఒకటే: "బాగున్నానండీ." ఆ మాట మా అమ్మ నేర్పింది. వాడికి వయసుతోపాటు బుద్ధి ఎదగదని తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడకు ఒకటే బెంగ, తన తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారని. "ఎవరడిగినా బాగున్నా అను నాన్నా. ఏడ్చేవాణ్ణి ఎవరూ దగ్గరికి రానివ్వరు" అనేది. నా దగ్గర మాత్రం వాడికి ఆ మర్యాదలేం లేవు. "ఎలా ఉన్నావురా?" అంటే చాలు, "బాలేదక్కా" అని మొదలుపెట్టి, కూరలో ఉప్పు తగ్గిన సంగతి కూడా చెప్పేవాడు.

అమ్మ పోయాక వాణ్ణి ఇలాంటివాళ్లను చూసుకునే ఒక ఇంట్లో చేర్చాను. వాడితో కలిపి ముగ్గురు, తోడుండటానికి ఇద్దరు. ఎవరి పని వాళ్లు చేసుకోవడం, చేతకానిచోట సాయం అందుకోవడం అక్కడి పద్ధతి. మొదట్లో ఉన్న ఆయా నిజంగానే అలా చూసింది. నేను బట్టలు కుడతాను. వాడి మొద్దు వేళ్లకు అందేలా పెద్ద గుండీలు, వెడల్పు కాజాలు పెట్టి చొక్కాలు కుట్టేదాన్ని. పొద్దున్నే మంచం మీద కూర్చుని, నాలుక బయటపెట్టి, కింది నుంచి పైకి ఒక్కోటీ పెట్టుకునేవాడు. ఒకటి తప్పితే అన్నీ విప్పి మళ్లీ మొదలు. టీ చల్లారిపోయేది. ఆయా మళ్లీ వేడి చేసేది గానీ, చొక్కా మీద చెయ్యి వేసేది కాదు. "కానీండి బాబూ, మనకేమన్నా బండి తప్పిపోతుందా?" అనేది. చివరి గుండీ పడ్డాక మావాడు పెళ్లికొడుకులా లేచి నిలబడేవాడు.

మోకాళ్లు అరిగి ఆయా మానేసింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎవరూ నిలవలేదు. చెడ్డవాళ్లని అనను. ఇద్దరి పని ఒకరి నెత్తిన పడింది, పైగా తుమ్మితే ఊడే ఉద్యోగం. కానీ ఒకరోజు నేను వెళ్లేసరికి వాడు టీషర్టులో ఉన్నాడు. నేను కుట్టిన చొక్కాలు బీరువాలో మడత నలగకుండా పడున్నాయి. నా ఒళ్లు మండిపోయింది.

"తలమీంచి లాగేస్తే క్షణంలో అయిపోతుందమ్మా. గుండీలంటూ కూర్చుంటే మిగతా ఇద్దరికీ నీళ్లెవరు పోస్తారు?" అన్నాడు కొత్తగా వచ్చినాయన.

వాణ్ణి ఇంటికి తెచ్చుకోవచ్చుగా అంటారు చుట్టాలు. మాకున్నది ఒక్క గది. అందులో కుట్టు మిషనూ, మంచం పట్టిన మా ఆయనా పోగా నేను కాళ్లు చాపుకునే చోటు కూడా ఉండదు. సలహాకేం, నోరుంటే చాలు.

పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసి, పని మానుకుని పొద్దున్నే వెళ్లాను. గోడలకు కొత్త రంగు వేశారు. పైన పటారం, లోన లొటారం. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "గుండీలు కావాలి అని చెప్పరా" అని మళ్లీ మళ్లీ నేర్పాను. నాతో చక్కగా అన్నాడు.

తనిఖీకి వచ్చినాయన మంచివాడే. వాడి ముందు నేలమీదే కూర్చున్నాడు. "ఇక్కడ మీకెలా ఉందండీ?"

మావాడు నావైపు చూశాడు. నేను తలూపాను.

"బాగున్నానండీ."

"మీ బట్టలు మీరే వేసుకుంటారా?"

"బాగున్నానండీ."

నేను ఉండబట్టలేకపోయాను. "వాడు అందరితో అదే అంటాడండీ. మా అమ్మ నేర్పిన మాట అది."

"మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఆయన మాటే మాకు లెక్క. ఆయన బదులు ఇంకొకరు మాట్లాడకూడదు" అన్నాడు మెల్లగా. మంచి రూలే. ఇలాంటివాళ్ల నోరు ఇంకొకరు నొక్కేయకూడదని పెట్టిన రూలు. దాన్నెలా తిట్టను?

ఆయన వెళ్లిపోయాక బీరువాలోంచి నీలం చొక్కా తీశాను. టీషర్టు విప్పి, చేతులు దూర్చి, "పెట్టుకోరా, ఎంతసేపైనా సరే, నేనుంటాను" అన్నాను. వాడు కింది గుండీ పట్టుకున్నాడు. అది వేళ్లలోంచి జారింది. మళ్లీ పట్టుకున్నాడు. కాజా ఎక్కడుందో తడుముకున్నాడు. నాలుక కూడా బయటికి రాలేదు. కాసేపటికి గుండీ వదిలేసి, టీషర్టు తొడగమన్నట్టు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

టీషర్టు అందుకుంటూ, "ఎలా ఉన్నావురా?" అన్నాను.

చేతులు దించకుండానే, "బాగున్నానండీ" అన్నాడు నాతో.